చెప్పులు బయట విడవండి

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. అందులో విశ్వవిద్యాలయ విద్యార్థుల కౌన్సెలింగ్ కేంద్రం నడిపే అనూరాధ మేడమ్, ఆ కేంద్రం ఊడ్చి టీ పెట్టే దానమ్మ, చేతిలో కొత్త తాళంకప్పతో రిజిస్ట్రార్ లక్ష్మణరావు గారు. విద్యార్థులన్నవాళ్లు మందుకైనా లేరు.

"మూడు నెలల్లో ఎంతమంది వచ్చారు మేడమ్?"

"ముగ్గురు సార్."

"మనసులో మాట చెప్పుకోడానికేనా?"

అనూరాధకు అబద్ధం చేతకాదు. "ఒకమ్మాయి ఫోన్ ఛార్జింగ్‌కి వచ్చింది. ఒకబ్బాయి క్యాంటీన్ అనుకుని వచ్చాడు. మూడోది పిల్లి సార్. రోజూ వస్తోంది కదా అని కలిపేశాను."

రిజిస్ట్రార్ గారు నవ్వలేదు. "మాది శృంగవరపుకోటలో మూడు తరాల కిరాణా కొట్టు. బేరం లేని కొట్టు గుమ్మంలోంచే తెలిసిపోతుంది నాకు. ఐదింటిలోగా ఒక్క విద్యార్థి వచ్చి నోరు విప్పితే ఈ ఇల్లు మీది. లేకపోతే జవాబు పత్రాల కట్టలది."

తాళంకప్ప వీధి గదిలో బల్ల మీద పెట్టి, జేబులోంచి టేపు తీసి, బీరువాలకు చోటు కొలవడానికి లోపలి గదిలోకి వెళ్లిపోయారు.

అనూరాధకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ పాత క్వార్టర్‌ని ఎంత ముచ్చటపడి సర్దుకుందని! ఆఫీసులా కాదు, ఇల్లులా ఉండాలని చాపలు పరిచింది. కుర్చీలకు పొందూరు ఖద్దరు గలేబులు కుట్టించింది. వీధి గుమ్మం పక్కన 'చెప్పులు బయట విడవండి' అని కాగితం అంటించింది. లోపలి గది తలుపు మీద ఇంకోటి: 'లోపల ఎవరైనా మాట్లాడుతుంటే తలుపు కొట్టరాదు. ఎంతటివారైనా సరే.'

"ఎందుకు రావట్లేదు దానమ్మా?"

"సెప్పులమ్మ."

"చెప్పులా?"

"మరేటి! మెట్ల మీద సెప్పులిప్పితే ఎదురుగా క్యాంటీన్లో అందరికీ అగుపడతాయి. ఆ పసుపుపచ్చ సెప్పులు పలానా పిల్లవి, దానికి బుర్ర తిరిగిపోనాదంట అని సాయంత్రానికి హాస్టలంతా టముకేసేస్తారు. ఇంకెవులొస్తారు?"

అనూరాధ నోరు తెరిచింది. తన పీహెచ్‌డీలో ఈ అధ్యాయం లేదు.

"ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగినావేటి? పిల్లలకి కాయితాలిచ్చి నింపమన్నావు. తుడిసేదాన్ని నన్నెవులడుగుతారు?" అని దానమ్మ మూతి తిప్పింది. మళ్లీ తనే దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "పొద్దున్నే లేడీస్ హాస్టల్లో సెప్పొచ్చినాన్లే. సెప్పులు సేత్తో అట్టుకుని వంటింటి గుమ్మంలోంచి రమ్మని."

ఆ మాట పూర్తి కాకుండానే వంటింటి తలుపు కిర్రుమంది. చేతిలో నీలం రంగు చెప్పులతో ఒక బక్కపల్చటి అమ్మాయి. ఎవరి వంకా చూడలేదు. గోడ వెంట చీమలా నడుచుకుంటూ వచ్చి, సరాసరి లోపలి గదిలోకి దూరిపోయింది.

"కౌన్సెలింగ్ మీరేనా సార్?"

టేపు పట్టుకుని గోడకు ఆనుకున్న లక్ష్మణరావు గారు తడబడ్డారు. "నేను... నేను రిజిస్ట్రార్‌నమ్మా."

"అయితే ఏటి సార్? సెవులున్నాయి కదా! కూకోండి. ఇప్పుడు సెప్పకపోతే నాకు మళ్లీ దైర్యం రాదు. నా పేరు తులసి. మా ఇల్లు సముద్రం ఒడ్డునే. పుట్టినకాడ్నుంచి కెరటాల సప్పుడుకే నిద్రోయినాను. ఇక్కడ ఆ సప్పుడు లేక బయమేస్తాది. నవ్వకండి సార్."

అనూరాధ పరుగున వెళ్లేసరికి ఆ అమ్మాయి తలుపు మూసేసింది. తట్టబోయింది అనూరాధ. సరిగ్గా కళ్లెదుట తను అంటించిన కాగితం. ఎంతటివారైనా సరే! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

పది నిమిషాలు. ఇరవై. లోపల్నుంచి ఫక్కున నవ్వు వినిపించింది. పిల్లదే. ఈ ఇంట్లో మూడు నెలలకి మొదటి నవ్వు! అనూరాధకి గాల్లో తేలినట్టయింది. మాటలు చెవిన పడకుండా వీధి గదిలోకి వచ్చేసి, పట్టలేని సంతోషంతో బల్ల మీది తాళంకప్పని, అప్పుడే వచ్చిన పిల్లి మెడలో వేయబోయింది. అది పారిపోయింది.

దానమ్మ మాత్రం లోపలి తలుపుకి చెవి ఆనించింది.

"దానమ్మా, తప్పు!"

"జారబడ్డానమ్మ. నడుం నొప్పి."

ఇంతలో బయట గోల. అనూరాధ కిటికీలోంచి చూసింది. క్యాంటీన్ క్యాంటీనంతా ఇటే చూస్తోంది. మెట్ల మీద ఒంటరిగా, అద్దాల్లా మెరుస్తూ రిజిస్ట్రార్ గారి నల్లబూట్లు. క్యాంపస్‌లో వాటిని ఎరగనివాళ్లు లేరు. ఒకడు ఫోన్‌తో ఫొటో కూడా తీస్తున్నాడు.

"ఒరే, పెద్దాయనకేటయ్యిందిరా?"

"ఏటోలేరా పాపం, ఎన్ని పైళ్లు సూస్తారు!"

గోడ గడియారం ఐదు కొట్టింది. దానమ్మ వచ్చి అనూరాధ కొంగు లాగింది. మొహంలో ఏదో వింత.

"అమ్మా, పిల్ల గొంతు ఎప్పుడో ఆగిపోనాది. అరగంట నుంచి సారే మాటాడతన్నారు. పిల్ల ఊఁ కొడతన్నాది."

అప్పుడే తలుపు తెరుచుకుంది. లక్ష్మణరావు గారి కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన వెనక, కౌన్సెలర్ కుర్చీలో తులసి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"సార్, ఐదైంది. తాళం..." అంది అనూరాధ.

ఆయన వినిపించుకోలేదు. పిల్లిలా వీధి గుమ్మం దాకా వెళ్లి, క్యాంటీన్ వైపు ఒక దొంగచూపు చూసి, మెట్ల మీది బూట్లు చప్పున చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చారు.

"ఇంకొంచెం ఉంది మేడమ్," అని గొణిగి, ఆమె మొహం మీదే తలుపు వేసేసుకున్నారు.