తొమ్మిదో నంబరు చొక్కా

"ఎవరినన్నా పడగొట్టు గానీ, తొమ్మిదో నంబరు జోలికి మాత్రం ఎల్లకే," అంది జాయ్సీ, బూటు లేసు బిగించుకుంటూ.

రూబీ మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది.

"నీతోనేనే. వినపడతందా?"

"వినపడింది. బంతి ఆవిడ చేతిలో ఉంటేనో?"

"ఉంటే ఉండనీ. పక్కకి తప్పుకో. అందరం అదే చేత్తన్నాం కదా!"

నిజమే, అందరూ అదే చేస్తున్నారు. రూబీ చాలాకాలంగా చూస్తూనే ఉంది.

కువైట్‌లోని అహ్మదిలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళు ఆడే ఆట అది. ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. బొప్పాయికాయలాంటి బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళను నడుం పట్టి కింద పడేయొచ్చు. టీచర్లు, జాయ్సీలాంటి నర్సులు, ఇంజినీర్ల భార్యలు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, కొందరు కువైటీ ఆడవాళ్ళు. అందరూ కలిసి రెండు జట్లు. బయటివాళ్ళతో ఆడేది సీనియర్ జట్టు. వాళ్ళకు ప్రాక్టీసు ఇచ్చేదీ, వాళ్ళు ఆడుతుంటే గట్టు మీద నిలబడి నీళ్ళ సీసాలు అందించేదీ రిజర్వు జట్టు.

రూబీ రిజర్వులోనే ఉండిపోయింది. అందులో తన తప్పూ కొంత ఉంది. రాజోలు హైస్కూల్లో కబడ్డీ ఆడిన చేతులు. ఎవరు బంతితో దూసుకొచ్చినా వంగి చీలమండ దొరకబుచ్చుకునేది. వెంటనే విజిల్ మోగేది. ఈ ఆటలో మోకాలి కింద పట్టు పనికిరాదు.

"కాళ్ళు పట్టుకోవడం మానెయ్ రూబీ, నడుం పట్టుకో," అంది కెప్టెన్ ఒకసారి. అందరూ నవ్వారు. రూబీకి ఒళ్ళు మండింది. ఆ అలవాటు వదిలించుకునేదాకా నిద్రపోలేదు.

ఆ కెప్టెనే తొమ్మిదో నంబరు. ఆస్ట్రేలియాలో చదువుకుని వచ్చి, ఈ ఆట ఇక్కడ మొదలుపెట్టిన కువైటీ. సీనియర్ జట్టులో ఎవరుండాలో చెప్పేది ఆవిడే. వచ్చే వారం బహ్రెయిన్ నుంచి జట్టు వస్తోంది. సీనియర్లలో ఒక టీచరు ఉద్యోగం మాని వెళ్ళిపోయింది. చోటు ఒకటి ఖాళీ. ఈ పూట ప్రాక్టీసు అయ్యాక ఆ చోటు ఎవరిదో చెబుతుంది.

"ఈ ఒక్క పూట బుద్ధిగా ఉండవే," జాయ్సీ బతిమాలింది. "చోటు నీకే వచ్చేలా ఉంది."

"ఆట చూసి ఇమ్మంటన్నాను. తప్పుకున్నందుకు ఇమ్మనట్లేదు."

"ఆవిడ తలుచుకుంటే నిన్ను ఇంటికి పంపేత్తది."

"పంపనీ."

జాయ్సీ నెత్తి కొట్టుకుంది. "అసలు ఆవిడెవరనుకుంటన్నావే?"

"కెప్టెన్. ఈ గేటు లోపల అంతే."

జహ్రాలో తను పనిచేసే ఇంట్లో రూబీ నోట వచ్చేది ఒకటే మాట: "హాదిర్, మామా." చిత్తం, అమ్మగారూ అని. టీలో యాలకులు ఎక్కువయ్యాయంటే మళ్ళీ పెట్టేది. అద్దం మీద మరక ఉందంటే మళ్ళీ తుడిచేది. అది జీతం తీసుకుని చేసే పని. ఇది తన ఆట. ఇక్కడ ఎవరికీ హాదిర్ అనకూడదని బంతి ముట్టుకున్న మొదటి రోజే అనుకుంది.

ఆట మొదలైంది.

తొమ్మిదో నంబరు బంతితో బయల్దేరింది. రిజర్వు వాళ్ళంతా పెళ్ళికూతురికి దారిచ్చినట్టు రెండు పక్కలకూ జరిగారు. గోల్. చప్పట్లు. మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ దారి. ఆట సగమైనా ఆవిడ చొక్కా చేతుల మీద ఇస్త్రీ మడత చెదరలేదు. రూబీ కళ్ళు ఆ మడత మీదే ఉన్నాయి.

రెండో సగంలో ఆవిడ రూబీ ఉన్న వైపు వచ్చింది.

"ఒదిలెయ్యే!" జాయ్సీ అరిచింది.

రూబీ వదల్లేదు. రెండు చేతులూ నడుం చుట్టూ వేసి, బిగించి, పక్కకు తిప్పి పడేసింది. విజిల్ మోగింది. పట్టు సరైనదేనని బంతి రూబీకి ఇచ్చారు.

జాయ్సీ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సారీ చెప్పవే, నీకు దణ్ణం పెడతాను," జాయ్సీ గొణిగింది.

"ఆటలో పట్టుకుంటే సారీ ఏంటి?"

కాసేపటికి తొమ్మిదో నంబరు మళ్ళీ అటే వచ్చింది. కావాలనే వచ్చినట్టుంది. రూబీ మళ్ళీ పడేసింది. ఈసారి ఆవిడ వెంటనే లేవలేకపోయింది. లేచాక చొక్కా నిండా మట్టి, గడ్డి.

"ఎందుకు పట్టావు?" అరబ్బీలో అడిగింది.

"బంతి నీ దగ్గరుంది," రూబీ కూడా అరబ్బీలోనే చెప్పింది. తల దించలేదు.

ఆవిడ కుంటుతూ తన చోటికి నడిచింది.

ఆట అయ్యాక అందరూ చుట్టూ చేరారు. జాయ్సీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. కెప్టెన్ ఒక కాలి మీద బరువు వేసి నిలబడి, ఖాళీగా ఉన్న సీనియర్ చొక్కా చేతిలోకి తీసుకుంది. అందరినీ ఒకసారి చూసింది.

"రూబీ," అంది, చొక్కా విసిరేస్తూ. "నన్నే పడేసింది. బహ్రెయిన్ వాళ్ళు ఒక లెక్కా!"

జాయ్సీ కేక గేటు దాటి వినపడింది. రూబీ అక్కడికక్కడే పాత చొక్కా మీద కొత్తది తొడుక్కుంది.

ఆ సీనియర్ చొక్కాతోనే గేటు బయటికి వెళ్ళి, కారు తలుపు తీసి పట్టుకుని, కుంటుతూ వస్తున్న తొమ్మిదో నంబరుతో అంది: "మెల్లగా, మామా, ఇంటికెళ్ళగానే నడుముకి ఐసు పెడతాను, ఆ చొక్కా రేపు మళ్ళీ ఇస్త్రీ చేస్తాను."