దజ్జాల్ కాదని రుజువు

"అమ్మా! దజ్జాల్ వచ్చాడు!"

తలుపు పక్క కిటికీ చువ్వల వెనక నుంచి వచ్చిన ఆ కేకకి వెల్డింగు మేస్త్రి చేతిలోని గ్రైండరు జారి కాలి మీద పడబోయింది. ఆయన మొదట వెనక్కి తిరిగి చూశాడు. వరండాలో తనూ, తనని పిలిచిన ఆ ఇంటి ఇల్లాలూ తప్ప ఎవరూ లేరు. అంటే అన్నది తననే.

వీధిలోకి కొత్తగా వచ్చిన కుటుంబం. ఏడేళ్ల కూతురు పొద్దున ఎనిమిదింటికి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. పదకొండు దాటింది. ఇనుప తలుపు, తన్నినా కదలదు.

"గుక్కెడు నీళ్లు కూడా తాగలేదన్నా. గడియ కోసెయ్యి," అంది తల్లి.

"ఎందుకు పెట్టుకుందమ్మా? పరీక్షలేమైనా ఉన్నాయా?"

ఆమె హాలు చివర మూసి ఉన్న గది వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

మేస్త్రి కుడికన్ను పోయి చాలా ఏళ్లయింది. బజారులో అందరూ 'సగంచూపు మేస్త్రి' అంటారు. ఆ పేరు ఆయన తనే పెట్టుకున్నాడు, ఇంకెవరైనా అంతకన్నా ఘోరమైనది పెట్టేలోపు. కానీ ప్రళయానికి ముందు వచ్చే ఒంటికన్ను మోసగాడి పేరు పెట్టి పిలవాలని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఈ పిల్లకి క్షణంలో తట్టింది.

పని మొదలుపెడదామంటే పిల్ల రెండు చేతులతో గడియ పట్టుకుని కూర్చుంది. గ్రైండరు పెడితే నిప్పురవ్వలు ఆ చేతుల మీదే పడతాయి. మాటలతోనే తీయించాలి. మేస్త్రికి ఇనుముతో మాట్లాడటం వచ్చు గానీ మనుషులతో అంతంత మాత్రం.

"నేను దజ్జాల్‌నని ఎవరు చెప్పారు తల్లీ?"

"మద్రసాలో టీచరమ్మ. నూహ్ ప్రవక్త దగ్గర్నుంచి ప్రవక్తలందరూ చెప్పారంట, ఒంటికన్నువాడితో జాగ్రత్త అని."

"అంతమంది ప్రవక్తలు నా గురించేనా? మా ఇంట్లో మూడుసార్లు పిలిస్తే గానీ ఒక్కరూ పలకరే!"

"మాట మార్చకు. నుదురు చూపించు. అక్కడ 'కాఫిర్' అని మూడక్షరాలుంటాయి. చదువురాని వాళ్లు కూడా చదవగలరంట."

మేస్త్రి ముఖం చువ్వలకి ఆనించాడు.

"మసి ఉంది," అంది పిల్ల.

భుజం మీది తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నాడు. "ఇప్పుడు?"

"మూడు గీతలున్నాయి."

మేస్త్రి నుదురు చువ్వలకి ఇంకా గట్టిగా నొక్కాడు. "గీతలా, అక్షరాలా? సరిగ్గా చూడు తల్లీ. పరువు పోయే సంగతి ఇది."

పిల్ల ఒక చెయ్యి గడియ మీదే ఉంచి, రెండో చేతి వేలితో తడిమింది. "ముడతలు," అని తేల్చింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అరవై ఏళ్లకి వచ్చిన ముడతలని చూసి సంతోషించడం అదే మొదటిసారి.

"దజ్జాల్ దగ్గర రొట్టెల కొండ ఉంటుందంట. నీ దగ్గరుందా?"

"ఉంటే ఈ ఎండలో నీ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడతానా?"

"మక్కాలోకి దజ్జాల్ వెళ్లలేడు. నువ్వెళ్లావా?"

మేస్త్రి ఫోను తీసి ఫొటో చూపించాడు. తెల్లటి బట్టల్లో, నున్నగా గీయించిన గుండుతో, ఉడకబెట్టిన గుడ్డులా ఉన్నాడు. "వెళ్లాను. వెళ్లిన రెండో రోజే తప్పిపోయాను. మా ఆవిడ అందరికీ ఒకటే గుర్తు చెప్పింది, ఒంటికన్ను అని. అరగంటలో దొరికాను. రెండు కళ్లవాళ్లయితే సాయంత్రం దాకా తిరగాల్సిందే."

పిల్ల కిసుక్కున నవ్వింది. వెంటనే ముఖం బిగించుకుంది. చిన్నగా అడిగింది.

"నీ కన్నేమైంది?"

"నల్లద్దాలు పెట్టుకోవయ్యా అంటే వినకుండా నిప్పురవ్వతో పంతానికి పోయాను. అదే గెలిచింది."

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

"ఏడ్చావా?"

"వీధి మొత్తానికి వినబడేలా. మగాళ్లు ఏడవరని ఎవరైనా చెప్తే నమ్మకు."

"కన్ను పోయాక నువ్వు మారిపోయావా? మునుపటిలాగే ఉన్నావా?"

"మునుపటిలాగే తల్లీ. కాకపోతే కుడిపక్క ఉన్న గుమ్మాలకి రోజూ గుద్దుకుంటాను."

పిల్ల ఇంకా గడియ వదల్లేదు. మేస్త్రి తల గోక్కున్నాడు. వయసులో తనకంటే యాభై ఏళ్లు చిన్నది తనని దోషిలా నిలబెట్టింది, వాదనలు అయిపోవచ్చాయి. మసీదులో విన్న ఇంకో మాట గుర్తొచ్చింది.

"అసలు సంగతి మీ టీచరమ్మ చెప్పలేదా? దజ్జాల్‌కి పిల్లలుండరు. నాకు నలుగురు. ఒక్కరూ నా మాట వినరు, అది వేరే విషయం."

పిల్ల ముఖం చువ్వల దగ్గరికి వచ్చింది.

"పిల్లలుంటే దజ్జాల్ కాదా?"

"కాడు."

"ఒక్కరే ఉన్నా?"

"ఒక్కరున్నా చాలు."

గడియ టక్కుమంది. మేస్త్రి గెలిచినవాడిలా ఛాతీ విరుచుకుని, పిల్లని ఎత్తుకోవడానికి చేతులు చాపాడు. పిల్ల ఆయన వైపు చూడనైనా చూడలేదు. చేతుల కింద నుంచి దూరి, నోటికి కొంగు అడ్డుపెట్టుకున్న తల్లిని దాటి, హాలు చివర మూసి ఉన్న ఇంకో గది తలుపు రెండు చేతులతో బాదింది.

"నాన్నా, బయటికి రా! డాక్టరు నీ కన్ను తీసేసినా నువ్వు దజ్జాల్‌వి కావు, నీకు నేనున్నాను!"