ఒకటికి ముందు

1. చెల్లెలు టీ కప్పు గోడకేసి కొట్టింది.
2. "నన్ను వదిలించుకోవాలని చూస్తున్నావు" అంది.
3. పెట్టె సర్దుకుంది.

ఆమెకున్న బోర్డర్‌లైన్ అనే మానసిక రుగ్మతలో కోపం జ్ఞాపకాన్ని తారుమారు చేయగలదని, గొడవ జరిగినప్పుడల్లా జరిగింది జరిగినట్టు రాసి చూపమని డాక్టరు నాకు చెప్పారు. రాసి, గుమ్మం దాటబోతున్న ఆమె చేతికిచ్చాను.

చదివి ఫక్కున నవ్వింది. "రాత ముత్యాల్లా ఉందన్నయ్యా. మొదటిదే మింగేశావు."

నా జేబులోని పెన్ను లాక్కుని, ఒకటికి పైన సున్నా వేసి రాసింది: "ఇక వేరే గది చూసుకోరాదూ, అన్నాడు."

అన్నాను. టీ వడపోస్తూ, ఆమె ముఖం చూడకుండా అన్నాను.

"సంతకం పెట్టు, పెట్టె విప్పుతా."

సున్నా పక్కన "నిజం" అని రాసి, ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలని సమయం వేసి, పూర్తి పేరుతో సంతకం చేశాను.