లింకన్ రెండో చెవి

"ముట్టుకోకు, వెర్నా. వేలిముద్ర పడితే పాడవుతుంది. ఉన్నచోటే ఉండనీ" అన్నాడు హార్లన్, జేబులోంచి భూతద్దం తీస్తూ.

వెర్నా చెయ్యి వెనక్కి తీసుకుంది.

వంటింటి బల్లమీద నల్లగుడ్డ. గుడ్డమీద ఒకే ఒక్క సెంటు నాణెం, బొమ్మ వైపు పైకి. కిందటి నెల ఆమె భర్త ఎల్వుడ్ నేలమాళిగ మెట్లమీంచి పడి చనిపోయాడు. బిగుసుకున్న వేళ్లు బలవంతంగా విప్పితే పిడికిట్లో ఈ నాణెం దొరికింది. కాలు జారిందని షెరిఫ్ ఆఫీసు పోలీసులు తేల్చేశారు. నాణేన్ని చిన్న కవర్లో పెట్టి నిన్ననే తెచ్చిచ్చారు. దాన్ని గుడ్డమీదికి ఒంపడానికే వెర్నాకి ప్రాణం పోయినంత పనైంది. దగ్గరగా చూసే ధైర్యం లేకపోయింది.

"నాకొక్కటే తెలియాలి, హార్లన్. ఇది అదేనా? పోయేముందు ఆయనకి దొరికిందా, లేదా?"

అది అంటే ఏమిటో ఆ ఒహాయో ఊరి నాణేల క్లబ్బులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 1984లో టంకశాలలో ఒక అచ్చు తేడా వచ్చింది. కొన్ని సెంట్లమీద లింకన్‌కి చెవి కింద ఇంకో చెవి తమ్మె పడింది. దానికోసం ఎల్వుడ్ బ్యాంకు నుంచి కాగితంలో చుట్టిన చిల్లర చుట్టలు తెచ్చి, నేలమాళిగలో కూచుని ఒక్కొక్కటే వెతికేవాడు. కూరలు చల్లారిపోయేవి. పెళ్లిరోజులు గుర్తుండేవి కావు. వెర్నా తిట్టని రోజు లేదు. ఇప్పుడా తిట్లన్నీ ఆమెకే తిరిగి వినిపిస్తున్నాయి. కనీసం సంతోషంగా పోయాడని తెలిస్తే కంటిమీద కునుకు పడుతుంది.

ఆ సంగతి చెప్పగలవాడు హార్లన్ ఒక్కడే. పిలవాలా వద్దా అని ఆమె రాత్రంతా తటపటాయించింది. అక్టోబరులో హార్లన్ తనకి రెండు చెవుల నాణెం దొరికిందని క్లబ్బుకి తెస్తే, ఎల్వుడ్ అందరిముందూ "అతికించావురా, జిగురు కనిపిస్తోంది" అనేశాడు. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఫోను చెయ్యగానే హార్లన్ ఆపిల్ కేకు పట్టుకుని మరీ వచ్చాడు. పాత స్నేహం ఎక్కడికి పోతుంది?

బయట మంచు ఆగకుండా కురుస్తోంది. కింద నేలమాళిగలో హీటరు గుర్రుమంటోంది.

హార్లన్ దీపం దగ్గరికి లాక్కుని నాణెం మీదికి వంగాడు. భూతద్దంలోంచి చెవి దగ్గర పట్టిపట్టి చూశాడు.

"దీన్ని ఇంకెవరైనా చూశారా?" అన్నాడు, తలెత్తకుండానే.

"ఎవరు చూస్తారు? ఆ రోజు మధ్యాహ్నమే తెచ్చుకున్న చుట్టలోది. నేను మా చెల్లెలింట్లో ఉన్నాను. ఆయనొక్కడే కూచుని విప్పినట్టున్నాడు. నేనొచ్చేసరికి..."

"ఆ రోజు నా కారు మంచులో కూరుకుపోయింది. లేకపోతే వద్దామనే అనుకున్నాను. వచ్చుంటే చెయ్యి పట్టుకునైనా ఆపేవాణ్ణి." అన్నాడు హార్లన్.

"ఇంతకీ ఏమంటావ్?"

"చెవి కాదు, వెర్నా. పొక్కు."

వెర్నా కుర్చీ లాక్కుని కూచుంది.

"లోపలిది జింకు. పైన పలచగా రాగి పూత. మధ్యలో గాలి చిక్కుకుంటే పెనం మీద పాన్‌కేక్ పొంగినట్టు పూత పొంగుతుంది. అచ్చులో పడ్డ చెవైతే అంచు తీరుగా ఉండేది."

"ఆయనకి తెలిసుంటుందా?"

"వాడు ఒప్పుకునే రకమా! దేవుడు దిగొచ్చి చెప్పినా చెవే అంటాడు."

"నువ్వే పొరబడ్డావేమో. ఇలాంటిదే ఇంకోటి ఎక్కడో చూసి, ఇదీ అంతే అనుకుంటున్నావేమో."

హార్లన్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇలాంటిది ఇంకోటి ఉండదు. అచ్చు తప్పైతే వేల నాణేలమీద ఒకేలా పడుతుంది. పొక్కు అలా కాదు, ఏ నాణెం పొక్కు దానిదే. దీనికి బొరుసు వైపు కూడా ఉంది. లింకన్ మందిరం బొమ్మలో స్తంభాల వరసుంటుందే, అందులో ఎడమ నుంచి మూడోదాని పక్కన, నువ్వుగింజంత. రెండువైపులా పొక్కులున్నదాన్ని పట్టుకుని చెవీ చెవీ అంటే ఎలా?"

వెర్నా కళ్లు తుడుచుకుంది. "పోనీలే. దొరికిందనుకునే పోయాడు. అదే చాలు నాకు."

హార్లన్ భూతద్దం జేబులో వేసుకున్నాడు. లేచి వెళ్లి, నేలమాళిగ తలుపు తీసి, లైటు వేసి నిలబడ్డాడు.

"ఎలాగూ వచ్చాను, కింద ఉన్నవి కూడా చూసేస్తాను. నువ్వు ముందు దిగు, వెర్నా. నేను వెనకే ఉంటాను."

"వస్తున్నా" అంటూ ఆమె నాణేన్ని కవర్లో వెయ్యబోయి, వేలిగోటితో వెనక్కి తిప్పింది. మూడో స్తంభం పక్కన పొక్కు, నువ్వుగింజంత. సరిగ్గా అతను చెప్పినట్టే ఉంది. హార్లన్ కన్నంటే కన్నే అనుకుంటూ తలుపు దాకా నడిచి, మొదటి మెట్టుమీద కాలు పెట్టబోయి ఆగిపోయింది.

వచ్చినప్పట్నుంచీ హార్లన్ ఆ నాణేన్ని ఒక్కసారైనా తిప్పి చూడలేదు.