బలం బిళ్ళలు

"ఈ నెలా గడువుకి ముందే ఖాళీ! నిజం చెప్పవయ్యా, ఎవరికి అమ్ముకుంటున్నావు?"

కౌంటరులో మేడమ్ సీసాను బోర్లించి బల్ల మీద తట్టింది. తాళాలు బాగుచేసే ఆ మనిషి తల దించుకున్నాడు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి సర్కారు ఉచితంగా మందులిచ్చే కేంద్రం అది. అక్కడికొచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఈ మాటకి మాత్రం వరుసంతా చెవులు రిక్కించింది.

"ఒట్టు మేడమ్! నా ప్రాణాన్ని నేనే అమ్ముకుంటానా?"

"మరి బిళ్ళలకి కాళ్ళొచ్చాయా? ఇంకోసారి ఇలా జరిగితే నీ పేరు కొట్టేస్తారు. బయట కొనుక్కోగలవా మరి?"

కొనలేడు. ఆ మందుల ధర ముందు అతని దుకాణమెంత, అందులో తాళాలెంత! కొత్త సీసా సంచి అడుగున దోపుకుని బయటపడ్డాడు.

ఇల్లు చేరేలోపు అలవాటుగా సీసా మీది కాగితం గోటితో గీకేశాడు. ఇంట్లో అవి బలం బిళ్ళలు. అలాగని అందరికీ చెప్పి, పెట్టెలో పెట్టి, తన చేత్తో చేసిన తాళమే వేస్తాడు. ఊళ్ళో తలుపులన్నిటికీ భరోసా ఇచ్చేవాడి పెట్టెలోనే దొంగ పడ్డాడంటే నవ్విపోరూ? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమోగానీ, తను పట్టి తీరాలనుకున్నాడు.

ఇంట్లో తను కాక ఉన్నది ఇద్దరే, భార్యా ఆమె తమ్ముడూ. భార్య నోట్లో నాలుక లేని మనిషి. ఇక తమ్ముడు. పొద్దున్న లేచింది మొదలు అద్దం ముందు కండలు చూసుకునే రకం. వీధి వీధంతా వాణ్ణి పహిల్వాన్ అంటుంది. పైగా తాళాల పని బావ దగ్గరే నేర్చాడు. 'బలం బిళ్ళలని నేనే చెప్పానాయె. వెధవ, పప్పుబెల్లాల్లా మింగేస్తున్నాడు!' అనుకుని పళ్ళు కొరికాడు.

మర్నాడు దుకాణం తెరవగానే పహిల్వాన్ చొక్కా పట్టుకున్నాడు.

"నా పెట్టె ఎందుకు తెరుస్తున్నావురా?"

"నేనా? లేదు బావా!"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం? ఆ తాళానికి మారుచెవి చెయ్యడం ఈ ఊళ్ళో ఇంకెవడికొచ్చు?"

అంత కండల మనిషీ నీరుగారిపోయాడు. "చెవి చేసింది నేనే బావా. పెట్టె జోలికి మాత్రం పోలేదు. అక్క చెయ్యమంది. ఎందుకే అంటే, మీ బావకి చెప్పకు అంది."

తాళాలవాడి చేతిలోంచి చొక్కా జారిపోయింది. భార్యా! ఈమధ్య మాటిమాటికీ పుట్టింటికని వెళ్తోంది. పోయినంతసేపు పట్టదు, తిరిగొస్తుంది. ఏమైందే అంటే ఏం లేదంటుంది. అంటే సీసాలోవి తీసి అక్కడెవరికో చేరేస్తోందన్నమాట. లేకపోతే ఆ మందులేమిటో కనుక్కుని, నలుగురిలో తన పరువు తీయడానికి సాక్ష్యం పోగుచేస్తోందా? దుకాణం పహిల్వాన్ మీద వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. చప్పుడు కాకుండా తోశాడు. భార్య పెట్టె ముందు కూర్చుని ఉంది. మూత తెరిచి ఉంది. ఆమె అరచేతిలో ఒక బిళ్ళ, పక్కన గ్లాసుతో నీళ్ళు.

"దొరికావు! ఎవరికే చేరేస్తున్నావు ఇవి?"

ఆమె ఉలిక్కిపడి గుప్పిట మూసింది. "ఎవరికీ కాదండీ. నేనే వేసుకుంటున్నాను."

"నువ్వా!" అతని కోపం కాస్తా భయమైపోయింది. ఒక్క అంగలో వెళ్ళి ఆమె గుప్పిట విప్పబోయాడు. "వద్దే, వదిలెయ్! పిచ్చిదానా, ఇవి బలం బిళ్ళలు కావే!"

ఆమె గుప్పిట విప్పలేదు. అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"నాకు హెచ్.ఐ.వి. ఉందే. పెళ్ళికి ముందునుంచే ఉంది. చెబితే చేసుకోవని దాచాను. మందులు మానకుండా వేసుకుంటే నీకు అంటదని డాక్టరు చెప్పాడు. అందుకే వీటిని కళ్ళలో వత్తులు వేసుకుని కాపాడుకుంటున్నాను. తప్పు నాది. తిట్టు, కొట్టు. పుట్టింటికి పోతానంటే నేనే దింపుతాను. అంతేగానీ అది మింగకు."

తిడుతుందని కళ్ళు మూసుకున్నాడు. తిట్టలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె అతని ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఇవేం మందులో నాకు తెలుసండీ. మీకు తక్కువ పడతాయని రోజు విడిచి రోజే తీసుకుంటున్నాను."

"తెలుసా! ఎలా తెలుసే? కాగితం గీకేశానుగా!"

"కాగితమెందుకండీ? పెళ్ళయిందని తెలిసి, మొగుడి సంతకం తెస్తేగానీ ఇవ్వమని మా పుట్టింటి దగ్గరి కేంద్రంవాళ్ళు నా సీసా ఆపేసేదాకా, నేను రోజూ మింగిందీ ఇదే."