పదకొండు కంప్యూటర్ల తీర్మానం

"మూసేద్దాం" అన్నాడు మొయిన్. "కొత్తవి వచ్చేదాకా."

అల్ఫియా కుర్చీలోంచి లేచింది. "మూసేదానికి నేను ఒప్పుకోను చాచా."

జమ్మలమడుగులో ఆడపిల్లల కంప్యూటర్ శిక్షణ కేంద్రం అది. ముందు గదిలో కమిటీ సమావేశం. వెనక గదిలో క్లాసు. పదకొండు కంప్యూటర్లు, ఇరవై రెండు మంది పిల్లలు. టీచరు అల్ఫియా ఒక్కతే.

కంప్యూటర్లు ఇచ్చిన దాత మొయిన్. కువైట్‌లో ఉద్యోగం. ఏడాదికి ఒకసారి వస్తాడు, వచ్చినప్పుడే కమిటీ కూర్చుంటుంది. అధ్యక్షుడు నారాయణ పులివెందులలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తీర్మానాల పుస్తకం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది.

"ప్రొద్దుటూరులో కంప్యూటర్లు అమ్మే ఆయన్ను అడిగినా" అన్నాడు మొయిన్. "పాత విండోస్‌కు అప్‌డేట్లు ఆగిపోయినాయంట. కొత్త విండోస్ ఈ పాత మిషన్లకు పట్టదంట. ఇంకేం జేస్తాం? వచ్చే ఏడు నేను కొత్తవి పంపిస్తా. అంతవరకూ తాళం ఏసేదే."

"తాళం ఏస్తే మళ్లీ తీయరు. తస్లీమా ముద్దనూరు నుంచి వస్తాంది. ఈడికి పంపేదానికే వాళ్లమ్మ ఆర్నెల్లు ఆలోచన చేసింది. ఒక్కసారి నిలబెట్టేస్తే మళ్లీ పంపుతాదా?"

"మరి ఏం చేయమంటావమ్మా?" అన్నాడు నారాయణ.

"అర్జీలో రాసినా గదా సార్. లైనక్స్."

నారాయణ అర్జీని పైకి చదివాడు. లైనక్స్ కూడా విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించేదే. పాత మిషన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు. ఆమె నిరుడు కూడా ఇదే అడిగింది. కమిటీ ఒప్పుకోకుండా మిషన్లు ముట్టుకోవద్దని అప్పుడు ఆయనే చెప్పి పంపించాడు.

మొయిన్ తల అడ్డంగా ఊపాడు. "అది ఇంజనీర్లు వాడేదమ్మా. ఆ మాటంటే షాపాయన నవ్వినాడు. మన పిల్లోళ్లకు యాడ వస్తాది?"

"రాదని ఎవురు చెప్పినారు? మీరు ఒక్క దినమన్నా వచ్చి చూసినారా?"

దాతతో అట్లా మాట్లాడిన వాళ్లు ఇంతవరకూ లేరు.

"నిదానంగా చెప్పమ్మా" అన్నాడు నారాయణ.

"నిరుడు నిదానంగానే చెప్పినా సార్. మీరు వినలేదు."

మొయిన్ ముఖం ఎర్రబడింది. బల్ల మీదున్న దినపత్రిక తీసి, ఒక వార్త చుట్టూ పెన్నుతో గీత గీశాడు.

"సరే. ఆ ముద్దనూరు పిల్లను ఇది కొట్టి ప్రింటు తీయమను. ఇప్పుడే, నా కండ్ల ముందర. చేతగాకపోతే ఇంక నువ్వు నోరెత్తొద్దు. రేపటి నుంచి తాళమే."

"చేస్తే?"

"చేస్తే మూయం. మాటంటే మాటే."

క్లాసు జరిగేటప్పుడు మగవాళ్లు లోపలికి పోరు. ఇద్దరూ గడప దగ్గరే నిలబడ్డారు. అల్ఫియా పేపరు తీసుకుపోయి తస్లీమా ముందు పెట్టింది.

తస్లీమా చున్నీ సర్దుకుంది. తర్వాత ఆమె చూపు పేపరు మీదే, వేళ్లు కీబోర్డు మీదే. తెల్లటి పేజీ మీద తెలుగు అక్షరాలు వరసగా పరుగెత్తాయి. ఎక్కడా ఆగలేదు, ఎవరినీ అడగలేదు. తొమ్మిది నిమిషాల్లో ప్రింటు తీసి మొయిన్ చేతికిచ్చింది.

మొయిన్ కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం వెతికాడు. చివరికి ఒకచోట వేలు పెట్టాడు. "ఈడ ఒత్తు తప్పుంది."

"పేపర్లోనే తప్పుంది చాచా" అంది తస్లీమా. "ఉన్నదున్నట్టు కొట్టినా."

నారాయణ పేపరు తీసి చూశాడు. నిజమే. ఆయన నవ్వేశాడు. మొయిన్ కూడా నవ్వక తప్పలేదు.

"మాషా అల్లా! మిషన్లు పాతవైనా ఏం పరుగు ఇది! షాపాయన మాట విని ఊరికే భయపడినాం సార్. మూసేది లేదు." అల్ఫియా వైపు తిరిగాడు. "ఇంత బాగా వచ్చిన పిల్లను మళ్లీ మొదటికి తీసుకుపోతావా తల్లీ? ఆ లైనక్సూ గీనక్సూ మనకెందుకు?"

"పిల్లనే అడుగుదాం" అన్నాడు నారాయణ. "చెప్పమ్మా, మార్చాలా?"

తస్లీమా ఒకసారి టీచరు ముఖంలోకి చూసింది.

"నాకు ఇదే శానా బాగుంది సార్. దీన్ని మార్చొద్దండి."

"విన్నావా? నీ శిష్యురాలే చెప్తాంది!" అన్నాడు మొయిన్.

అల్ఫియా పెదవులు బిగించింది.

ముందు గదికి వచ్చాక నారాయణ తీర్మానం రాసి చదివాడు. కేంద్రం యథావిధిగా నడుస్తుంది. లైనక్స్ కావాలన్న టీచరు అర్జీని కమిటీ తిరస్కరించింది.

"ఇంకొక మాట రాయండి సార్" అంది అల్ఫియా. "ఇప్పుడు మిషన్లలో ఉండే సిస్టమ్‌నే వాడాలని, కమిటీ ఒప్పుకోకుండా ఎవురూ దాన్ని మార్చకూడదని. రేపు ఆ షాపాయన వచ్చి ముట్టుకున్నా నేను ఊరుకోను."

మొయిన్ గట్టిగా నవ్వాడు. "ఓడినా నీ మొండితనం పోలేదు. రాయండి సార్, అది కూడా రాయండి."

నారాయణ రాశాడు. ఆయన, మొయిన్ సంతకాలు పెట్టారు. చివర అల్ఫియా పెద్ద అక్షరాలతో తన పేరు రాసి పుస్తకం మూసింది.

పోయిన రంజాన్ సెలవుల్లో ఆమె ఒక్కతే కూర్చుని ఆ పదకొండు కంప్యూటర్లలోనూ విండోస్ తీసేసి లైనక్స్ వేసి అప్పటికి ఏడు నెలలైంది.