రుజువు కాలేదు

"చివరి అధ్యాయం మార్చకపోతే ఈ పుస్తకం రానివ్వను" అంది రోనా.

కర్స్టీ టీ కప్పు కింద పెట్టింది. పాత హత్య కేసులను నవలలుగా రాయడం ఆమె పని. ఈసారి ఎంచుకున్న హత్య ఈ కొండల్లోనే, రోనా పుట్టిన ఇంట్లోనే జరిగింది. పొద్దున ఓట్స్ జావ తాగిన రోనా తండ్రి సాయంత్రానికి పోయాడు. గొర్రెలకు వాడే పేలమందు పొడి జావలో కలిసిందన్నారు. తల్లి గ్రిజెల్‌ను బోనెక్కించారు. స్కాట్లండ్ కోర్టు ఆమెను దోషి అనలేదు, నిర్దోషి అనీ అనలేదు. 'రుజువు కాలేదు' అని ఇంటికి పంపించింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చర్చి విందుకు గ్రిజెల్ పంపిన కేకు కోయకుండానే తిరిగొచ్చేది. మీ అమ్మ చేతివంట తింటే మళ్ళీ ఆకలేయదటగా అని బళ్ళో పిల్లలు రోనాను ఏడిపించేవాళ్ళు. ఇంత జరిగినా, నేను చెయ్యలేదని గ్రిజెల్ ఒక్కనాడూ నోరు విప్పి అనలేదు.

కర్స్టీకి పట్టుకున్నది అదే. చెయ్యనిది చెయ్యలేదని చెప్పడానికేం? పైగా పాఠకులకు హంతకులెవరో తేలాలి.

"తేల్చడానికి మా అమ్మే దొరికిందా? తొంభై ఏడేళ్ళ మనిషి. నువ్వు చెయ్యలేదని ఒక్కరైనా అనగా విని పోవాలి అమ్మాయ్."

కర్స్టీ మెత్తబడింది. ఎప్పుడో చనిపోయిన, వెనకా ముందూ ఎవరూ లేని గొర్రెలకాపరి మీదికి నేరాన్ని మళ్ళించింది.

ఆ కాగితాలు పట్టుకుని రోనా వృద్ధాశ్రమానికి పరుగున వెళ్ళింది. తల్లి మంచం పక్కన కూర్చుని చివరి అధ్యాయమంతా చదివి వినిపించింది. గ్రిజెల్ కళ్ళు మూసుకుని వింది. సంతోషిస్తుందనుకుంటే ఆమె ముఖం పాలిపోయింది.

"తీసెయ్యమను. నేనే చేశానని రాయమను."

"అదేంటమ్మా?"

"నేను కాదంటే, ఇంకెవరని వెతకడం మొదలెడతారే."

"వెతకనీ. నేనే ఆ కేసు మళ్ళీ తెరిపిస్తాను. చేసినవాళ్ళెవరో నాకూ తెలియాలి."

గ్రిజెల్ కూతురి నెరిసిన జుట్టు మీద చెయ్యి వేసింది.

"ఉప్పనుకుని నాన్న జావలో ఆ పొడి వేసింది నువ్వే తల్లీ, నీకప్పుడు అయిదేళ్ళు."